కోతల తాత చేతికుట్టు

ఆయన పనే కోత. పగలంతా గుడ్డ కోసేవాడు, కోసేటప్పుడు నోరు ఊరుకోదు గనక కోతలు కూడా కోసేవాడు. మొదటి కోత కొలతకు దారం వాసి కూడా తప్పేది కాదు. రెండో కోతకు కొలతా లేదు, టేపూ లేదు. అందుకని వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన కోతల తాత. దుకాణం మూసేసి, తొక్కుడు మిషనును ఇంటి ముందుగదిలో కిటికీ పక్కకు చేర్చుకున్నాక గుడ్డ కోత తగ్గింది. తగ్గినదంతా రెండో ఖాతాలో చేరింది.

అసలు చిక్కు వచ్చిపడింది మనవరాలికి కాబోయే అత్తవారింట్లో. మాటలు కలుపుకుందామని అందరూ వెళ్ళి కూర్చున్నారు. పెళ్ళికొడుకు తాత గడియారాలు బాగుచేసే మనిషి. ఏళ్ళ తరబడి భూతద్దం బిగించుకుని ఒక కన్ను పెద్దదైందనీ, దాన్ని చూసి రెండోది చిన్నబోయిందనీ కోతల తాతకు గుమ్మంలోనే అనిపించింది. కాఫీలయ్యాక ఆయన లోపలికి వెళ్ళి ఒక గోడ గడియారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పిల్లలకోసమండీ. ఇందులో ప్రతి చక్రం నా చేత్తో అరగదీసింది. బయట కొన్న ముక్క ఒక్కటి లేదు."

అందరూ ఆహా ఓహో అన్నారు. తాత కూర్చున్న కుర్చీకి ముళ్ళు మొలిచాయి.

"మేమూ ఇస్తున్నామండీ" అనేశాడు. ఏమిస్తున్నారో అప్పటికి ఆయనకే తెలియదు. అటూ ఇటూ చూస్తే ఎదుటి మంచం మీద మడతపెట్టిన దుప్పటి కనబడింది. "బొంత! మా ఇంటిల్లిపాది పాత బట్టలూ కలిపి అతుకుల బొంత. నా చేత్తో కుడుతున్నాను. మిషను గాలి కూడా సోకదు."

"చేత్తోనా? మీరు మిషను దర్జీ అని విన్నానే?"

"మిషను తర్వాత వచ్చిందండీ. కుర్రతనంలో అంతా చెయ్యే. ఎంత వేగంగా కుట్టేవాణ్ణంటే, సూది కాలి ఎర్రబడేది. పక్కన నీళ్ళగిన్నె ఉండాల్సిందే. నాలుగు కుట్లు వెయ్యడం, సుయ్‌మని ముంచడం. ఆ ఆవిరికి బట్టలు వాటంతటవే ఇస్త్రీ అయిపోయేవి."

గడియారాలాయన నవ్వలేదు. పెద్దకన్ను తాత వైపు తిప్పాడు. "సంతోషం బావగారూ. తెచ్చాక భూతద్దం పెట్టి చూస్తాను."

నానమ్మ ఇంటికప్పు వంక చూస్తూ కూర్చుంది. దుకాణం నడిచినన్నాళ్ళూ గుండీలు కుట్టింది, అంచులు మడిచింది, చేతికుట్టన్నది ఎక్కడుంటే అక్కడ కూర్చున్నది ఆవిడే. తాత పని నేర్చుకోవడమే మిషను మీద నేర్చుకున్నాడు. ఉత్త సూది ఆయన చేతికి ఎప్పుడూ పరాయిదే.

తిరుగు బస్సులో మనవరాలు తాత పక్కన కూర్చుంది. దాన్ని ఆయన పిట్ట అని పిలుస్తాడు. చిన్నప్పుడు ఇంట్లో అడుగుపెడుతూనే "తాతా, పిట్టకథ" అని మెడకు వేలాడేది కాబట్టి ఆ పేరు. ఆ రోజుల్లో అది ఆయన చెప్పిందల్లా నమ్మేది. సర్కస్ ఏనుగుకు కోటు కుట్టాననీ, తొండానికి వేరే చెయ్యి పెట్టి గుండీ కూడా వేశాననీ చెబితే, మర్నాడు బళ్ళో చెప్పింది. క్లాసు క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి "తాతా, నువ్వు చెప్పేవి నిజం కాదటగా" అంది. ఏడవలేదు. ఏడిచినా బాగుండేది. ఆ తర్వాత పిట్టకథ అడగడం మానేసింది. ఆయన చెబితే వింటుంది, ఊఁ కొడుతుంది, బుగ్గ గిల్లి వెళ్ళిపోతుంది. ఇప్పుడు పార్సిళ్ళ ఆఫీసులో ఉద్యోగం. మూటలు తూచి, తాళ్ళు లాగి చూసి, ముడి వదులుంటే పెద్దవాళ్ళనైనా వెనక్కి పంపేస్తుంది.

"తాతా" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వేం చెప్పినా నాకిష్టమే. కానీ ఈ ఒక్కటీ నిజం చెయ్యవా? నా కోసం."

తాత ఈసారి కోత కొయ్యలేదు. "చేస్తానే తల్లీ" అన్నాడు. అంత చిన్న మాట ఆయన నోట్లోంచి రావడం చూసి ముందు సీట్లో ఉన్న నానమ్మ వెనక్కి తిరిగి చూసింది.

గుడ్డలకు మాత్రం లోటు లేకపోయింది. కొడుకు తన మొదటి లాగు తెచ్చిచ్చాడు. దానికి ఒక కాలు పొట్టి, అది తాత పనితనమే. "పొట్టి కాదురా, నువ్వు ఒంటికాలి మీద గెంతుతూ కొలతిచ్చావు" అన్నాడు తాత. కోడలు పాత కర్టెన్ ఇచ్చింది. పిట్ట బడి గౌను ఉంది. నానమ్మ తన పెట్టె అడుగునుంచి పచ్చపూల గుడ్డ ఒకటి తీసింది. పెళ్ళికాక ముందు ఆవిడ ఆయన దుకాణంలో కుట్టడానికిచ్చిన గుడ్డ అది. ఎప్పుడడిగినా "రేపొచ్చి పట్టుకెళ్ళండి" అనేవాడు. రేపు వెళితే మళ్ళీ రేపు. గుడ్డ గుడ్డలాగే ఉండిపోయింది, మనిషి ఆ ఇంటికే వచ్చేసింది.

"ఇన్నాళ్ళకు కత్తెర పెడుతున్నావు దీనికి" అంది నానమ్మ.

"రేపన్నానా లేదా? ఇదే ఆ రేపు."

గుడ్డలు కోయడం, ముక్కలు పేర్చడం చిటికెలో అయింది. అది ఆయన విద్య. తర్వాత సూది పట్టుకుని నేల మీద చాప వేసుకుని కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మొదలైంది తంటా. కుట్టు ఇక్కడ వేద్దామంటే అక్కడ పడుతుంది. ఒకటి బారెడు, ఒకటి బెత్తెడు. తాగిన చీమలు ఇంటిదారి వెతుక్కుంటున్నట్టుంది వరస. చెమటలు కక్కుతూ ఒక ముక్క చుట్టూ పూర్తిచేసి, గొప్పగా లేచి నిలబడ్డాడు. బొంత కూడా లేచింది. లోపలి పొరా, పై పొరా, తన పాంటు మోకాలూ అన్నీ కలిపి కుట్టేశాడు.

నానమ్మ గుమ్మం పట్టుకుని కిందికి జారిపోయింది, అంత నవ్వు.

"నవ్వకే! ముందు కత్తెరందుకో."

"ఎందుకయ్యా విప్పడం? అలాగే పెళ్ళికి వచ్చెయ్యి. నిన్ను కూడా మడతపెట్టి ఇచ్చేద్దాం."

చివరికి పాంటు మోకాలు కత్తిరించాల్సి వచ్చింది. ఆ ముక్క బొంతలోనే ఉండిపోయింది. తన వాటా ఏదని అడుగుతారేమోనని తాత అంతకు ముందు బెంగపడ్డాడు గానీ, ఆ బెంగ అలా తీరింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున కుట్టింది మధ్యాహ్నం విప్పడం. పెళ్ళి దగ్గర పడుతోంది. ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒకరోజు నానమ్మ బజారుకు వెళ్ళగానే తాత లేచి, వీధి తలుపు గడియ పెట్టి, బొంత చంకన పెట్టుకుని మిషను ముందుకు చేరాడు. దొంగతనానికి వచ్చినవాడిలా గుడ్డ తొలగించాడు. ఒక్క వరస, ఒకే ఒక్క వరస మిషను మీద వేస్తే ఎవరికి తెలుస్తుంది? తొక్కాడు. కింది చక్రం తిరిగింది. పైచక్రం కదల్లేదు. వంగి చూస్తే, రెండు చక్రాలనూ కలిపే తోలు బెల్టు లేదు.

నానమ్మ వచ్చేదాకా ఇల్లంతా గాలించాడు. రాగానే అడిగాడు.

"ఏమే, మిషను బెల్టేది?"

"నాకేం తెలుసు? ఎలుకలు తినేసుంటాయి."

"తోలు బెల్టు ఎలుకలు తింటాయా?"

"ఏనుగు కోటేసుకోగా లేనిది, ఎలుకలు బెల్టు తినకూడదా?" అని సంచీ తీసుకుని లోపలికి పోయింది. పోతూపోతూ "అయినా చేత్తో కుట్టేవాడికి బెల్టెందుకో" అంది.

కొత్త బెల్టు కొనుక్కోవచ్చు. కానీ బెల్టులమ్మే దుకాణం వీధి మొదట్లో ఉంది, వీధి మొత్తానికీ ఈ చేతికుట్టు సంగతి ఆయనే డప్పు కొట్టి చెప్పుకున్నాడు. వెళ్ళలేక, ఉసూరుమంటూ మిషను ముందే కూలబడ్డాడు. ఆ స్టూలు మీద కూర్చుంటే ఆయనకు కాస్త ప్రాణం కుదుటపడుతుంది. బొంత ఒళ్ళోకి లాక్కున్నాడు. సూది తీసుకున్నాడు. పాదాలు వాటి అలవాటు కొద్దీ కింది పలక మీదికి చేరి, ఆయన్ను అడగకుండానే తొక్కడం మొదలుపెట్టాయి.

గడక్, గడక్, గడక్.

కాసేపటికి ఒళ్ళోకి చూసుకుని తాత ఉలిక్కిపడ్డాడు. కుట్లు వరసగా పడుతున్నాయి. ముందుదానికీ వెనకదానికీ తేడా లేదు. పాదాలు ఆపి చూశాడు, చీమలు మళ్ళీ తాగాయి. తొక్కాడు, బుద్ధిగా నడిచాయి. బతుకంతా కాళ్ళు తొక్కుతుంటే చేతులు గుడ్డ తోశాయి. ఇప్పుడు కాళ్ళను చాప మీద ముడిచి చేతుల్ని ఒంటరిగా పని చెయ్యమంటే అవేం చేస్తాయి పాపం? కాళ్ళూ చేతులూ ఆడడం లేదని లోకమంతా ఊరికే అనే మాట, తన విషయంలో ముమ్మాటికీ నిజమని తాతకు ఆ పూట తెలిసింది.

ఇక ఆపేవాడెవడు? బెల్టులేని మిషను తొక్కుతూ చేత్తో కుట్టుకుపోయాడు. పిట్ట గౌను దగ్గర మెల్లగా తొక్కాడు, కుట్టు చిన్నగా పడాలని. కొడుకు లాగు దగ్గర దర్జాగా తొక్కాడు. పచ్చపూల గుడ్డ వచ్చేసరికి ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మరీ తొక్కాడు. నానమ్మ వంటింట్లోంచి ఆ చప్పుడు వింటూ పనులు చేసుకునేది. ఒకసారి వచ్చి చూసి, "ఊఁ" అని వెళ్ళింది.

బొంత ముప్పాతికకు వచ్చిన ఒక సాయంత్రం, నానమ్మ ఇంట్లో లేని సమయానికి, పిట్ట ఆఫీసునుంచి తిన్నగా వచ్చింది. వీధిలోకే వినబడింది చప్పుడు. గడక్, గడక్. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. అది తలుపు తోసేసరికి తాత గాభరాపడి బొంతను ఒళ్ళో ముద్దచేసి మిషను మీద గుడ్డ కప్పేశాడు. పెళ్ళిదాకా ఎవరికీ చూపించకూడదని ఆయన ముచ్చట. కానీ చూసేవాళ్ళకు అది పట్టుబడ్డ దొంగ వాలకం.

పిట్ట సంచీ కిందపెట్టి మెల్లగా అంది. "కుడుతున్నావా తాతా?"

"కుడుతున్నానే. చేత్తోనే."

"మిషను చప్పుడు వినబడింది."

"అదా? అది వట్టి తొక్కుడే. కాళ్ళాడకపోతే నాకు చేతులాడట్లేదే పిట్టా. అందుకని ఉత్తినే తొక్కుతూ చేత్తో కుడుతున్నాను. దీనికి బెల్టే లేదు. కావాలంటే చూడు."

చెబుతుండగానే ఆయన చెవులకు ఆయన మాట వినబడింది. ఏనుగు కోటైనా ఇంతకన్నా నమ్మబుద్ధేస్తుంది.

పిట్ట వంగి చూడలేదు. చూస్తే బెల్టు ఉంటుందని దాని భయం, ఉంటే తాత తలదించుకోవాలని దాని బాధ. దగ్గరికొచ్చి ఆయన బుగ్గ గిల్లింది.

"చూడక్కర్లేదు తాతా. నమ్మాను."

"ఒక్కసారి చూడవే."

"నమ్మానన్నానుగా. దేంతో కుడితే ఏం, నువ్వు కుట్టావు. అది చాలు నాకు."

నవ్వుతూ వెళ్ళిపోయింది. తాత అక్కడే కూర్చుండిపోయాడు. బతుకంతా ఎదుటివాళ్ళ చెవుల్లో పూలు పెట్టిన మనిషి. తన చెవిలో ఎవరైనా పెడితే రేకు తగిలిన చోటు కూడా చెప్పగలడు. పిల్ల నమ్మలేదు. పైగా ఆయన నొచ్చుకోకూడదని నమ్మినట్టు అబద్ధమాడింది.

నానమ్మ వచ్చేసరికి సూది దారపుండకు గుచ్చి ఉంది, దీపం వెయ్యలేదు, మనిషి మాట్లాడటం లేదు. ఆయన మాట్లాడకపోతే ఇంటికి జ్వరం వచ్చినట్టుంటుంది. అడగ్గా అడగ్గా చెప్పాడు.

"నేను కుట్టనే ఇక. నమ్మని బొంత కప్పుకుంటే వెచ్చగా ఉంటుందా?"

నానమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. నవ్వుతుందనుకున్నాడు, నవ్వలేదు. "కుట్టవయ్యా" అంది. "చివరి మూల ఒక్కటి ఉంచి మిగతాదంతా కుట్టు. ఆ తర్వాత సంగతి నాకొదిలెయ్."

"నువ్వేం చేస్తావు?"

"రేపు చెబుతాను" అంది. నానమ్మ ఆ మాట నేర్చుకున్నది ఆయన దగ్గరే.

పెళ్ళి రేపనగా పిట్ట బొంత కోసం వచ్చింది. ముందుగదిలో స్టూలు మీద తాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిట్ట చెయ్యి తగిలినా తిరగలేదు. నానమ్మ లోపలినుంచి చుట్టచుట్టిన బొంత తెచ్చి దాని చేతుల్లో పెట్టింది. పార్సిళ్ళ పిల్ల కదా, ముందు ముడి లాగి చూసింది.

"ముడి గట్టిగానే ఉంది. ఇదేం తాడు నానమ్మా? తోలులా ఉందే."

"తోలే. మీ తాత మిషను బెల్టు."

తాత గోడవైపునుంచి చటుక్కున తిరిగాడు.

"మీ అత్తవారింట్లో ఈయన కోత కోసొచ్చిన మర్నాడే ఊడదీసి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను" అంది నానమ్మ. "తాళంచెవి నా మెళ్ళోనే ఉంది. నీ ఎదుట తీద్దామనుకున్నాను గానీ, మూట కట్టడానికి ముందే తీసేశాను, నా మోకాళ్ళకు ఆ పెట్టె దగ్గర రెండుసార్లు కూర్చోవడం కుదరదు."

"దొంగదానా!" అన్నాడు తాత.

"నువ్వు చెయ్యబోయే దొంగతనం నేను ముందు చేశాను. అంతేగా?"

పిట్ట బెల్టు వంక చూసింది. మిషను వంక చూసింది. "మరి ఆరోజు నేను విన్న చప్పుడు?"

"ఏం విన్నావో ఆయన్నే అడుగు. చెప్పాడుగా నీకు."

పిట్ట బొంతను అలాగే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. మిషను కిందికి తొంగిచూసింది, ఆరోజు చూడనిది.

"తొక్కు తాతా" అంది.

"ఎందుకూ? ఆరోజే నమ్మావుగా."

"అబద్ధం చెప్పాను తాతా."

"తెలుసు. ఇంత కోతలరాయుడి చేతిలో పెరిగి, ఒక అబద్ధం సరిగ్గా చెప్పడం చేతకాలేదు నీకు. నా పరువు తీశావు" అన్నాడు తాత.

బొంత విప్పారు. చివరి మూల విడిగా ఉంది. తాత దాన్ని ఒళ్ళో వేసుకున్నాడు. పాదాలు పలక మీద పెట్టాడు. కింది చక్రం గిర్రున తిరిగింది, పైచక్రం మొద్దులా నిలబడి చూసింది. గడక్, గడక్. ఆయన చేతిలో సూది మునుగుతూ తేలుతూ నడిచింది, బడికెళ్ళే పిల్లల వరసలా. పిట్ట చక్రాన్నీ సూదినీ మార్చి మార్చి చూస్తూ, గడ్డం ఆయన మోకాలి మీద ఆనించింది. కుట్టు మూలకు చేరి ముడిపడింది. తాత దారం పళ్ళతో తెంపాడు.

"తాతా" అంది పిట్ట, మోకాలి మీదనుంచి గడ్డం తియ్యకుండా. "పిట్టకథ."

ఎన్నేళ్ళయిందో ఆ మాట విని. తాతకు ఆ క్షణాన ఒక్క కథా గుర్తురాలేదు. నానమ్మే అందుకుని, "సర్కస్ ఏనుగు సంగతి చెప్పవయ్యా, తొండానికి గుండీ నేనే కుట్టాను" అంది.

పెళ్ళి అయిపోయి, అందరూ తీరిగ్గా కుర్చీల్లో వెనక్కి వాలినప్పుడు గడియారాలాయన అన్నమాట ప్రకారం భూతద్దం బిగించుకుని బొంత బల్ల మీద పరిచాడు. మూల మూలా చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"చేతికుట్టే" అన్నాడు చివరికి. "ఒంటి దారం. మిషను కుట్టుకైతే పైనొకటీ కిందొకటీ రెండు దారాలుంటాయి. కానీ ఇంత సమంగా ఎలా పడింది? గడియారం కొట్టినట్టుందే!"

తాత నోరు విప్పేలోగా పిట్ట లేచింది. "తాత బెల్టులేని మిషను తొక్కుతూ చేత్తో కుట్టాడండీ. ఆయనకు కాళ్ళాడకపోతే చేతులాడవు."

గడియారాలాయన ఒక్క క్షణం దాన్ని భూతద్దంలోంచే చూసి, పకపకా నవ్వాడు. "అబ్బో! అచ్చం తాత పోలికే!"

"నిజమండీ! నా కళ్ళతో చూశాను!"

"ఏం బావగారూ, నిజమేనా?"

తాత లేచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అక్షరాలా నిజం" అన్నాడు.

దాంతో ఆ మాటకు మిగిలిన కాస్త పరువూ పోయింది. కుర్చీలన్నీ నవ్వాయి. పెళ్ళికొడుకు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిట్ట ముఖం ఎర్రబడింది. నానమ్మ వంక చూస్తే, నానమ్మ ఇంటికప్పు వంక చూస్తోంది. తాత పిట్ట చెవి దగ్గరికి వంగాడు.

"ఇప్పుడు తెలిసిందా నా బాధ?"

పిట్ట ఆయన్ను చూసింది. కాసేపటికి దాని కళ్ళలో తాతకు బాగా తెలిసిన మెరుపొకటి వచ్చింది. కుర్చీ గడియారాలాయన పక్కకు లాక్కుంది.

"మీరు నవ్వుతారని సగమే చెప్పానండీ. ఆ తొక్కుడు వేగానికి ఇల్లు కదిలింది. కదిలి, వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. మా నానమ్మ కూరగాయలు కొనుక్కొచ్చి చూస్తే, అక్కడ వట్టి గుమ్మం ఉంది!"

"ఆఁ!" అన్నాడు గడియారాలాయన, పెద్దకన్ను ఇంకా పెద్దది చేసి.

"వీధి చివరిదాకా కాదే పిట్టా" అన్నాడు తాత గంభీరంగా. "రెండో మలుపుదాకానే. పెద్దవాళ్ళ దగ్గర అబద్ధాలు చెప్పకూడదు."